పెట్టె మీది నవ్వు

రేకులు కాల్చే పొయ్యి మూతి దగ్గర నిలబడితే ఎదురుగోడలో ఒక వెడల్పాటి సందు కనిపిస్తుంది. ఆ సందులోంచి అట్టపెట్టెలు వరసగా పోతూ ఉంటాయి. ప్రతి పెట్టె మీదా మా ఆవిడ ఉంటుంది. చేతిలో చెంచా, చెంచాలో నాలుగు గోధుమ పొట్టు రేకులు, మొహం నిండా నవ్వు. ముందు మడతపడి పడుకుని వస్తుంది. యంత్రం చెయ్యి ఒకటి వచ్చి, నిద్రపోయేవాళ్ళని నడుం పట్టుకుని లేపినట్టు లేపుతుంది. లేచి నిలబడి, నవ్వుకుంటూ పక్క హాల్లోకి వెళ్ళిపోతుంది. వెనకాలే మళ్ళీ ఆవిడే. ఆ వెనకా ఆవిడే. పొయ్యి సెగకి మధ్యలో గాలి వణుకుతుంది కాబట్టి ఆ మొహాలన్నీ నీళ్ళడుగున ఉన్నట్టు మెల్లగా అల్లాడతాయి.

పొద్దుటి ఎండ పైకప్పు అద్దాల్లోంచి ఏటవాలుగా దిగే వేళకి హాలంతా పొట్టు ధూళి తేలుతూ ఉంటుంది. కనురెప్పల మీద, చెవుల్లో, టీ గ్లాసులో, ఎక్కడ చూసినా అదే. తియ్యగా మాడిన వాసన. రేకులు జల్లెడ మీద పడుతుంటే సన్నటి వాన చప్పుడు. పొద్దుటి షిఫ్టు వాళ్ళం సగం నిద్రలోనే పనిచేస్తాం. ఆ సగం నిద్రలో కట్టుకున్న పెళ్ళాం నవ్వుతూ ఎదురుగా నడిచిపోతుంటే ఎవరైనా అదృష్టవంతుడివి అంటారు. అన్నారు కూడా.

ఇంట్లో ఆ నవ్వు లేదు. అదీ నా గొడవ.

మేం చేసేది తవుడు. మర్యాదగా చెప్పాలంటే అధిక పీచు గల ఉదయపు ఆహారం. పశువు తింటే తవుడు, పెద్దమనిషి తింటే ఆరోగ్యం. ఒకప్పుడు మిల్లుల్లో తెల్లపిండి మనుషులకి, పొట్టు పశువులకి అని పంచేసేవాళ్ళు. ఆ తెల్లపిండి తిని తిని జనానికి కడుపులు బిగుసుకుపోయాయి. డాక్టర్ల దగ్గరికి పరిగెత్తితే డాక్టర్లు పీచు తినండి అంటున్నారు. అంటే లోకం కడుపు కదలాలంటే ఇక్కడ నా పొయ్యి మండాలన్నమాట. ఈ మాట ఒకసారి భోజనం దగ్గర మా ఆవిడతో గొప్పగా అన్నాను. "తినేటప్పుడు ఆ మాటలేంటయ్యా" అని కంచం పట్టుకుని లేచిపోయింది.

తను పక్క హాల్లో, సంచులు అతికి పెట్టెల్లో దించే చోట పనిచేస్తుంది. పెట్టె మీదకి ఎలా ఎక్కిందంటే, ఆ మధ్య ఆఫీసులో ప్రకటనలు చూసే మేడంకి ఓ ఆలోచన వచ్చింది. పెట్టె మీద సినిమా మొహం వద్దు, అచ్చమైన మనిషి కావాలి అని. హాల్లోకి వచ్చి, నెత్తిన జాలీ టోపీలు, మూతికి గుడ్డ ముసుగులు కట్టుకున్న ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, కళ్ళు చూసి మా ఆవిణ్ణి ఎంచింది. ఒక మధ్యాహ్నం కంపెనీ కారులో ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళారు. సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని మామూలుగా పనిలో పడింది. ఏం జరిగిందో చెప్పలేదు. కొన్నాళ్ళకి పెట్టె వచ్చింది.

ఆ నవ్వు చూసి నాకు మతిపోయింది. పెదాలు బారుగా విచ్చుకుని, పళ్ళన్నీ ముత్యాల్లా బయటపడి, గొంతులోంచి చప్పుడు కూడా వినిపిస్తుందేమో అన్నట్టుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకోసం అలా నవ్విన గుర్తు లేదు. పైగా తను నవ్వలేని మనిషీ కాదు. పెట్టెలు పోయే సందులోంచి అప్పుడప్పుడూ ప్యాకింగ్ హాలు నవ్వులు ఇటు వస్తాయి. అన్నిట్లోకీ గట్టిది మా ఆవిడదే. చెంబు దొర్లినట్టు దొర్లుతుంది. అదే మనిషి ఇంట్లో గడప దాటగానే పెదాలు కుట్టేసుకుంటుంది. అక్కడ నేను లేను కాబట్టి నవ్వుతుంది, ఇక్కడ నేనున్నాను కాబట్టి నవ్వదు. ఈ లెక్కకి బడికి వెళ్ళాల్సిన పని లేదు.

ఊరుకునేవాణ్ణే. రోజూ పొయ్యి దగ్గర ఆ నవ్వు చూసుకుని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ పోయిన వారం సూపర్‌వైజరు వచ్చి, పెట్టె మారుతోంది అని చెప్పాడు. కొత్త పెట్టె మీద మనుషులు ఉండరట. గిన్నె ఒక్కటే ఉంటుందట. పాత అట్టలు అయిపోగానే మా ఆవిడ దిగిపోతుంది. ఇక నేను పొయ్యి ముందు నిలబడి గిన్నెల్ని చూడాలి.

ఆ రోజు ఇంటికెళ్ళి అడిగేశాను.

"ఆ రోజు స్టూడియోలో ఫోటోలవాడు నీతో ఏమన్నాడు?"

"ఏమంటాడు? నవ్వమన్నాడు."

"నవ్వావా?"

"పెట్టె మీద లేదా ఏంటి?"

"అదే, ఏం చెప్పి నవ్వించాడని."

"ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకొచ్చింది నీకీ అనుమానం?" అని నా వంక ఒక చూపు చూసింది. బస్సు కోసం చూసేవాళ్ళు రోడ్డు మలుపు వంక చూస్తారే, అలాంటి చూపు. తరువాత గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

నేను ఆ వారం అంతా ప్రయత్నం చేశాను. మేనేజరు, మీటింగుకి ముందు ఆకలేసి, రేకులు పాకంలో కలిపి చేసే మా పీచు బార్లు వరసపెట్టి నమిలి, మీటింగు మధ్యలో కుర్చీలోంచి లేవలేక, కూర్చోలేక పడ్డ యాతన చెప్పాను. చేతులు తిప్పి, నడిచి చూపించి మరీ చెప్పాను. మా ఆవిడ గోడవైపు తిరిగిపోయింది. భుజాలు కదిలాయి. దగ్గొచ్చిందేమో అనుకున్నాను. ఇటు తిరిగేసరికి మొహం మామూలుగానే ఉంది. "అయిందా?" అంది. అయింది.

రాత్రిళ్ళు కలలో కూడా పెట్టెలే. తెల్లటి పాల మీద పడవల్లా తేలుతూ పోయేవి. ఒక్కో పెట్టె దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళి, ఏమిటే ఆ జోకు, నాకూ చెప్పు అని అడిగేవాణ్ణి. పెట్టె నవ్వుతూనే మెత్తబడి, గంజయి, చేతిలోంచి జారిపోయేది.

ఇక లాభం లేదని, సెలవు రోజున స్టూడియోకే పోదామని బయల్దేరాను. తోడు మా బామ్మర్దిని లాక్కెళ్ళాను. వాడు మా ఫ్యాక్టరీలోనే బార్లకి పాకం కాస్తాడు. పేరెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ పాకమే.

"ఎందుకు బావా ఇదంతా? సెలవు రోజు హాయిగా పడుకోక" అని దారంతా మెడ గోక్కున్నాడు పాకం.

"నీకెందుకురా, నోరు మూసుకుని రా."

"మూసుకునే ఉన్నా. ఇన్నాళ్ళూ మూసుకునే ఉన్నా" అన్నాడు వాడు. ఆ మాట నాకు అప్పుడు అంతుపట్టలేదు.

అడగాల్సిన మాట బస్సులో కూర్చుని మనసులోనే సర్దుకున్నాను. అయ్యా, మా ఆవిణ్ణి ఆ రోజు ఏం చెప్పి నవ్వించారు? అదేదో నాక్కూడా చెప్పండి, మళ్ళీ ఎవరికీ చెప్పను. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట ఇంకోటి ఉంటుందా? పరాయి మగాణ్ణి పట్టుకుని, నా పెళ్ళాన్ని నవ్వించే కిటుకేంటి అని అడగడం! అయినా బస్సు దిగలేదు. కిటికీ అవతల వీధులన్నీ సెలవు మత్తులో జోగుతున్నాయి. మూసిన షాపుల ముందు కుక్కలు పడుకున్నాయి. ఎండ కూడా ఎవరో ఉతికి ఆరేసినట్టు వదులుగా వేలాడుతోంది.

స్టూడియో ఒక దర్జీ కొట్టు వెనక, మెట్లు దిగితే వచ్చే గదిలో ఉంది. లోపల గోడలన్నీ నల్లగుడ్డ. మధ్యలో బల్ల మీద ఒక్క గిన్నె, దాని మీద తెల్లగొడుగు పట్టిన దీపం. ఫోటోలాయన నా ఈడువాడే. వంగి, సన్నటి పట్టకారుతో ఒక్కో రేకునీ తీసి గిన్నెలో పేరుస్తున్నాడు. ఎవరి గాయానికో కుట్లు వేస్తున్నట్టు ఊపిరి బిగబట్టి చేస్తున్నాడు. అవి నా రేకులే. ఆ ఎరుపు నాకు తెలుసు.

"మీ కొత్త పెట్టెకే ఇది" అన్నాడు, మేం ఎవరమో చెప్పాక. "ముట్టుకోకండి, పాలు కాదది. జిగురు. పాలైతే రేకులు మునిగిపోతాయి, ఫోటో అయ్యేలోపు మెత్తబడి చస్తాయి. జిగురులో ఎంతసేపైనా తేలుతూనే ఉంటాయి."

"పాత పెట్టె మీద, చెంచాలో..."

"అదీ జిగురే. నోట్లో పెట్టుకోకమ్మా అని మరీ మరీ చెప్పాను. పాపం పెట్టుకోలేదు. అసలావిడ నోరు తెరిస్తేగా!"

"నోరు తెరవకపోవడమేంటి? అంత నవ్వు నవ్వితే?" అన్నాను.

ఆయన పట్టకారు కింద పెట్టి, నన్నూ పాకాన్నీ మార్చి మార్చి చూశాడు. పాకం పైకప్పు చూస్తున్నాడు.

"మీరావిడకి ఏమవుతారు?"

"మొగుణ్ణి."

"ఓ" అన్నాడు. మూల ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని ఏదో వెతికాడు. తెర మీద మా ఆవిడ మొహం లేచింది. అదే నవ్వు, గోడంత. ఏదో నొక్కాడు. మూతి మాత్రం చెరిగిపోయింది. ఆ కింద ఇంకో మూతి ఉంది. పెదాలు బిగించి, ఒక మూల కొంచెం వంకర తిరిగి, గట్టిగా మూసుకుని. ఆ మూతి నాకు తెలుసు. పొద్దున్న నాకు టీ ఇచ్చింది ఆ మూతే.

"ఎన్ని పాట్లు పడ్డానో అడగండి" అన్నాడాయన. "కోతిలా గెంతాను. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. చెయ్యి తియ్యమంటే నోరు మూసేది. చివరికి ఈ నోరు తెచ్చి అతికాను. ఇది ఒక పళ్ళపొడి కంపెనీకి తీసిన అమ్మాయిది. మా దగ్గర నోళ్ళకేం కొదవండీ, కావలసినన్ని."

మళ్ళీ నొక్కాడు. ముత్యాల పళ్ళు వచ్చి మా ఆవిడ మొహం మీద వాలాయి. ఇంకోసారి నొక్కితే ఎగిరిపోయాయి. వచ్చి, వాలి, ఎగిరి. పిట్ట ఒకటి కిటికీ మీద ఆడుతున్నట్టుంది. ఇన్నాళ్ళూ పొయ్యి ముందు నిలబడి నేను మోజుపడ్డది ఎవరి నోటికి? రోడ్డు మీద ఎదురైతే పక్కకి తప్పుకుని పోయే అమ్మాయి నోటికి.

నేను అడగాలనుకున్న మాట అడగలేదు. అడగడానికేం మిగల్లేదు.

తిరుగు బస్సులో చాలాసేపటికి పాకాన్ని అడిగాను.

"నీకు తెలుసా?"

"పెట్టె దిగిన రోజే హాల్లో అందరికీ తెలుసు బావా. బొమ్మకి అరువు పళ్ళు పెట్టార్రోయ్ అని ఒకటే గోల. అక్క కూడా పడీ పడీ నవ్వింది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు తెలీదని మాకెలా తెలుస్తుంది? మొగుడివి కదా!" అన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. "తరవాత తెలిసింది. అప్పుడు చెప్పబోతే అక్క వద్దంది. మీ బావ తనంతట తనే చూడాలి, ఒక్క ముక్క అన్నారో ఊరుకోను అంది."

"అసలు నోరెందుకు తెరవదు?"

పాకం మళ్ళీ మెడ గోక్కున్నాడు. "అక్క ముందు పన్ను విరిగిన సంగతి..."

తెలుసు అని అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"అది నా పాపమే బావా. బార్లు మొదలెట్టిన కొత్తల్లో ఒకరోజు కునుకు పట్టి పాకం ముదరబెట్టేశా. దిమ్మలన్నీ చెక్కల్లా బిగుసుకున్నాయి. కత్తి దిగట్లేదు. సూపర్‌వైజరు వచ్చేలోగా ఎలా ఉందో చూద్దామని, అక్కా కాస్త కొరికి చూడవే అని ఒక ముక్క పెట్టా. టక్కుమంది. బారు విరిగిందనుకున్నా. అక్క అరచేతిలోకి ఉమ్ముకుని చూసుకుంది. పన్ను ముక్క. దాన్ని జేబులో వేసుకుని, గట్టిగానే ఉన్నాయిరా, పొడికొట్టి కొత్తదాంట్లో కలిపెయ్ అంది. అంతే. ఇంకో మాట అన్లేదు. ఆ రోజు నించీ ముసుగుంటేనే నవ్వుతుంది. ముసుగు లేకపోతే చెయ్యడ్డం, లేకపోతే గోడవైపు."

బస్సు ఎక్కడో ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. బార్లు మొదలెట్టి ఎంత కాలమైందో నాకు తెలుసు. అంత కాలంగా ఆ మనిషి ఎదురుగానే కూర్చుని తింటున్నాను.

పాకం దారిలోనే దిగిపోయాడు. నేను ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం వాలుతోంది. మా ఆవిడ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి మా ఇద్దరి తెల్లకోట్లూ ఇస్త్రీ చేస్తోంది. ఆవిరి లేచి తెర గుండా వచ్చే వెలుతుర్లో కలిసిపోతోంది. గదంతా తడిగుడ్డ వాసనతో వెచ్చగా, నిద్రొచ్చేలా ఉంది.

"ఎక్కడికి ఊరేగారు బావా బామ్మర్దీ?" అంది తలెత్తకుండా.

"ఫోటో స్టూడియోకి."

ఇస్త్రీ పెట్టె ఆగింది. కోటు కాలుతుందేమో అనిపించేంతసేపు ఆగింది. తరువాత మెల్లగా పక్కన నిలబెట్టింది.

"ఏమన్నాడు?"

"ఆ నోరు నీది కాదన్నాడు."

"ఆ ముక్క కోసం బస్సెక్కి అంత దూరం పోవాలా? రోజూ ఈ బల్లకి అవతల కూర్చునేది నేను కాదూ?"

"చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? ఏవయ్యా, అది నా నోరు కాదు, ఇదిగో ఇదీ నాది, సరిగ్గా చూసుకో అనా?" కోటు మడత పెడుతూనే అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మొదటి పెట్టె తెచ్చి నీ చేతికే ఇచ్చా. ఛీ ఇదేంటి, వీళ్ళెవరో నీ మొహం పాడుచేశారే అంటావనుకున్నా. నువ్వేమన్నావో తెలుసా? బాగుంది, ఇంట్లో కూడా ఇలా ఉంటే నీ సొమ్మేం పోయింది అన్నావు."

ఆ మాట అన్నది నిజమే. గుర్తుంది.

"అప్పట్నించీ చూస్తున్నా, ఎప్పటికి కనిపెడతావా అని. పోనుపోనూ అదొక పందెంలా అయిపోయింది. కనిపెడతావని నాతో నేనే వేసుకున్న పందెం. ఈలోగా పెట్టే మారిపోతోంది."

"గెలిచావా మరి?"

"ఎక్కడ? నువ్వు కనిపెట్టలేదుగా. ఆయనెవరో చెప్పాడు."

నాకు ఒళ్ళు మండింది. తప్పంతా నా నెత్తిన పెట్టి, తను చల్లగా మడతలు పెట్టుకుంటోంది. "నువ్వు మాత్రం నన్ను రోజూ చూసి తరించిపోతున్నావా? నా కనుబొమ్మ పొయ్యి సెగకి కాలిపోయింది, నీకు తెలుసా?" అన్నాను.

"ఎడమది" అంది. "కుడిది బాగానే ఉంది. కాలిన రోజు ఇంటికొచ్చి, తలుపేసుకుని, నా కాటుకతో దిద్దుకున్నావు. కింద పడేసిన డబ్బీ మూత నేనే తీశా. మర్నాడు పొయ్యి దగ్గర చెమటకి అది కరిగి చెంప మీదకి కారింది. హాలు హాలంతా సందు దగ్గరికొచ్చి చూశారు. నువ్వేమో దొరలాగా నిలబడి పొయ్యి వంక చూస్తున్నావు. నేను ఒక్క మాటన్నానా?"

నా కళ్ళముందు ఆ దొర కనిపించాడు. నల్లటి కన్నీళ్ళు కారుస్తూ తవుడు కాలుస్తున్న దొర. కడుపులో ఎక్కడో మొదలై, ఆపుకుందామన్నా ఆగకుండా పైకొచ్చింది. మా ఇంట్లో ఇన్నేళ్ళకి నవ్విందెవరయ్యా అంటే నేను. బల్ల పట్టుకుని, వంగి, ఊపిరాడక నవ్వాను. మా ఆవిడ నా వంకే చూస్తూ నిలబడింది. చెయ్యి మూతి దగ్గరికి పోయింది, అక్కడే ఉంది. వేళ్ళ వెనకాల ఏం జరుగుతోందో నాకు కనిపించలేదు.

నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుని, "ఏదీ, చూపించు" అన్నాను.

"ఏంటి?"

"పన్ను."

"ఛీ పో. పశువుల సంతా ఇది, పళ్ళు పట్టి చూడ్డానికి?"

అడిగితే చూపించేది కాదని తెలుస్తూనే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తను కోట్లు కొక్కేనికి తగిలించి, గిన్నెలో కాసిని రేకులు పోసుకుని, పాలు పోసుకుని ఎదురుగా కూర్చుంది. కరకర మొదలైంది. మొదట గట్టిగా, తరువాత తడిసిన ఆకుల మీద నడిచినట్టు మెత్తగా. నేను చూస్తూ కూర్చున్నాను. ఎడమవైపే నములుతుంది. ముందు పళ్ళతో ఏదీ కొరకదు. చెంచా పూర్తిగా లోపలికి పోనిచ్చి, పెదాలతో తుడుచుకుని బయటికి తీస్తుంది. మింగేముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. ఇవన్నీ ఎన్నాళ్ళ నించీ ఇలా జరుగుతున్నాయో!

"ఏంటలా గుడ్లప్పగించావ్?"

"ఏం లేదు. తిను."

తెర కొంచెం కదిలి ఆగింది. వీధిలో ఎవరో సైకిలు నడిపించుకుపోతున్న చప్పుడు దూరమవుతూ పోయింది. గిన్నెలో పాలు గోధుమరంగుకి తిరిగాయి. తను చెంచా వదిలేసి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, గడ్డం చేతిలో పెట్టుకుంది. పొద్దుటి షిఫ్టు వాళ్ళకి సెలవు మధ్యాహ్నం వాలుతుంటే కళ్ళు వాటంతటవే బరువెక్కుతాయి. మాట్లాడాల్సిందేదో ఉన్నట్టూ, లేనట్టూ, ఇద్దరం ఆ వెచ్చదనంలో కూర్చుండిపోయాం.

అప్పుడు తనకి ఆవలింత వచ్చింది. చెయ్యి అలవాటుగా లేచింది. సగం దూరం వచ్చి, గాలిలో ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టు మళ్ళీ బల్ల మీదకి దిగింది. నోరు తెరుచుకుంది. అంతా తెరుచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత, దవడ కీలు చప్పుడయ్యేంత, తీరుబడిగా, పొడుగ్గా. పై వరసలో ముందు పన్ను ఒక మూల ఏటవాలుగా ఎగిరిపోయి ఉంది. ఆ పక్కది కొంచెం ముందుకి జరిగింది. నాలుక మీద ఒక తవుడు రేకు అంటుకుని ఉంది.

ఆవలింత అంటుకుంటుంది కదా. నాకూ నోరు తెరుచుకుంది.

"చూశావా?" అంది.

"ఊఁ."

"సరే. ఆ గిన్నె కడిగేసి పడుకో" అని, కుర్చీలోనే తల వాల్చి కళ్ళు మూసుకుంది.